నల్లకోటు కింద బేరం

చిత్తూరులోగానీ తిరుపతిలోగానీ నాకంటే నష్టపు బేరం చేసిన మనిషి ఉంటే తెచ్చి చూపించండి, పందెం కాస్తాను. ఓడినా ఫీజు వచ్చే వకీలు పని వదిలేసి, గెలిచినా ఫీజు రాని పని పెట్టుకున్నాను. అది కూడా ఎవరో తోస్తే పడింది కాదు. బాగా ఆలోచించి, ముహూర్తం చూసుకుని మరీ దూకాను.

కొత్త పని ఏమిటంటే, వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు పక్కన నిలబడటం. దాన్ని స్టార్టప్ అనేవాళ్లున్నారు, అంగడి అనేవాళ్లున్నారు. నాకు ఇద్దరూ ఒకటే. లైసెన్సులు తెప్పించడం, ఒప్పందాలు రాయడం, సరుకుకు ధర కట్టడం, కొనేవాడితో మాట్లాడటం. తిరుచానూరు దారిలో ఒక లాడ్జి పక్కన మేడ మీద గది తీసుకున్నాను. మొదటి నెలంతా మెట్లెక్కి వచ్చినవాళ్లు అడిగింది ఒకటే: "లోన్ ఇప్పిస్తారా మేడమ్?" ఇప్పించనంటే, ఇంతమాత్రానికి బోర్డెందుకన్నట్టు చూసి దిగిపోయేవాళ్లు.

మా నాయనది చిత్తూరులో బెల్లం మండీ. గది చూడటానికి వచ్చి, ముందు అద్దె అడిగాడు, తర్వాతే కూర్చున్నాడు.

"కోర్టులో ఓడినోడు గూడా ఇంకో వాయిదాకని డబ్బిస్తాడు. అంగట్లో బాగుపడినోడు 'మళ్లిస్తాలే' అంటాడు. నీకీ బుద్ధి యాడ నుంచి వచ్చిందిమ్మా?"

"మీ కాడ నుంచే నాయనా."

"నా కాడ బేరం నేర్చుకున్నావనుకున్నానే. నష్టం నేర్చుకున్నావా?"

నా బుద్ధి కోర్టులోనే పుట్టింది. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో సగం భాగస్తులవే. కలిసి అంగడి పెట్టిన అన్నదమ్ములు, మామా అల్లుళ్లు, స్నేహితులు. తగాదా ముదిరిపోయాకే వచ్చేవాళ్లు. పెట్టిన రోజే నాలుగు ముక్కలు రాసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లు కాదు గదా అనిపించేది. అలా అనిపించడమే నా పెట్టుబడి. ఆ పెట్టుబడి ఏపాటిదో ఐరాల నుంచి వచ్చిన వదినా ఆడబిడ్డల దగ్గర తేలింది.

వాళ్లు శెనక్కాయల ఉండలు చేస్తారు. వేయించిన శెనక్కాయలు, పాత బెల్లం, కాస్త శొంఠి. పాకం వదినది. ఆమె ఇంటి వెనక రేకుల కొట్టంలోనే పొయ్యి. అమ్మకం ఆడబిడ్డది. అదే ఊళ్లో నాలుగిళ్ల అవతల కాపురం. తెల్లారే బస్సెక్కి అలిపిరి దగ్గర మెట్లెక్కే భక్తులకు, తిరుచానూరు లాడ్జీలకు పొట్లాలు వేసి వచ్చేది. తిరుపతిలో నాలుగు కొట్లున్న మిఠాయి వ్యాపారి ఒకాయన రుచి చూసి, ప్రతి కొట్లోనూ పెడతానన్నాడు. కాకపోతే నెలాఖరులోపు సంస్థ పేరు, భాగస్వామ్య పత్రం, లైసెన్సు చూపించాలి. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాడు.

"వాటాలు ఎంతెంత?" అని అడిగాను.

"నీ ఇష్టం వదినా," అంది చిన్నామె.

"నాదేముంది, నీ ఇష్టం మే," అంది పెద్దామె.

నాయన ఎప్పుడూ చెప్పేవాడు, 'మీ ఇష్టం' అన్నోడి కాడ సరుకు కొనొద్దు, అంతకంటే ఎక్కువ ధర ఇంకోటి లేదని. తెలిసి కూడా, వాటాల చోట ఖాళీ వదిలి మిగతాదంతా రాసేశాను. కోర్టులో చూసిన తగాదాలన్నిటికీ అందులో మందు వేశాను. ఇరవై పేజీలైంది. నా తెలివికి నేనే మురిసిపోయి, తీసుకెళ్లి పొయ్యి దగ్గరే చదివి వినిపించాను.

'ఇరువురిలో ఎవరైనా మరణించిన యెడల' అనేసరికి వదిన గరిటె తిప్పడం ఆపింది. 'ఒకరు మరొకరిని మోసగించిన యెడల' దగ్గర గరిటె కింద పెట్టేసింది.

"పొయ్యి మీద పాకం ఉండంగా సావు మాటలేంది లాయరమ్మా? మోసమేంది?" నన్నడిగి ఆడబిడ్డ వైపు తిరిగింది. "నువ్వు చెప్పి రాయించినావా మే?"

"నాకేం తెలుసు వదినా! నేను చెప్తానా అట్ల?"

"మరి ఈమెకెట్ల తెలుసు, నేను మోసం చేస్తానని?"

అది మామూలుగా అందరికీ రాసేదే అని నేను సర్దిచెప్పబోయాను. "అందరికీ రాసేదయితే అందరికీ ఇయ్యి, మాకొద్దు," అంది వదిన. ఆ రోజు పాకం మాడిపోయింది. దాని ఖర్చు నా మీద వెయ్యలేదు, అంతవరకు దయ.

రెండు రోజులకు చిన్నామె ఒక్కతే నా గదికి వచ్చింది. నీళ్లిస్తే తాగలేదు.

"మిఠాయి కొట్టాయన పోతే పోనీ మేడమ్. వదిన పొయ్యి ముట్టించడం లేదు, నాతో మాట్లాడడం లేదు. మా అన్న మద్దెన నలిగిపోతా ఉండాడు. ఆ ఇంటికి పోవాలంటే నాకిప్పుడు మొగం సెల్లడం లేదు. మా అమ్మా నాయనా లేరు, నాకు పుట్టిల్లంటే వదినే."

కోర్టులో అయితే ఇలాంటప్పుడు వాయిదా అడిగేదాన్ని. ఇక్కడ వాయిదా ఇచ్చేవాడు లేడు, నెలాఖరు వస్తోంది. పైగా, తగాదాలు రాకుండా చేస్తానని బోర్డు పెట్టి, లేని తగాదా ఒకటి నేనే తయారుచేసి ఇచ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది మండీ. చిన్నప్పుడు బెల్లం బస్తాల మీద కూర్చుని చూసేదాన్ని. బేరం ముదిరితే నాయన భుజం మీది తుండుగుడ్డ తీసి చేతుల మీద కప్పేవాడు. దాని కింద అమ్మేవాడూ కొనేవాడూ వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. పైకి వానల గురించి మాట్లాడుకునేవాళ్లు. అడిగినది ఎంతో, తగ్గినది ఎంతో గుడ్డ కిందే ఉండిపోయేది. ఎవరికీ సిగ్గు లేదు, మర్నాడు ఒకరికొకరు టీ పోయించుకునేవాళ్లు. నోటితో అంటే మాట మిగిలిపోతుంది. వేలితో అంటే మిగలదు.

నాకింకా పాత కేసు ఒకటి మిగిలి ఉంది. మర్నాడు చిత్తూరులో వాయిదా అయ్యాక, అటు నుంచి అటే ఐరాల బస్సెక్కాను. చిన్నామెను వెంటబెట్టుకుని వదిన ఇంటికి వెళ్లాను. ఆ పిల్ల గడప దగ్గరే నిలబడిపోయింది.

"మళ్లీ ఏం రాసుకొచ్చినావు లాయరమ్మా?" అంది వదిన.

"ఏమీ రాయలేదు. వేళ్లతో తేల్చుకోండి," అన్నాను. ఒక వేలు నూటికి పది పాళ్లు, మడిచిన వేలు ఐదు. చేతి మీద కోటుంది గదా, అదే కప్పుతానన్నాను.

వదిన నా మొహం చూసింది, కోటు చూసింది. నవ్వాపుకోవడం ఆమె వల్ల కాలేదు. "మా నాయన సంతలో ఎద్దుల్ని ఇట్లనే అమ్మినాడు."

"నేనేమన్నా ఎద్దునా వదినా?" గడప దగ్గర నుంచి వినిపించింది.

"ఎద్దయితే సెప్పిన మాట వింటాది. లోపలికి రా మే, ఆడ నిలబడి ఊరికంతా సూపించొద్దు."

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతుల మీద నల్లకోటు కప్పాను. నేను దళారినని అనుకున్నాను, కానీ దళారి పని కూడా నాకు మిగల్లేదు. వాళ్ల మొహాలే నాకు కనిపించేవి. మొదట వదిన కళ్లు తిప్పకుండా చూసింది. కోటు కదిలింది. "ఓయబ్బా!" అంది వదిన. మళ్లీ కదిలింది. ఒక చెయ్యి ఇంకో చేతిని చిన్నగా కొట్టిన చప్పుడైంది. "బస్సులో నిలబడి పోయేది నేను వదినా," అంది చిన్నామె, వేళ్లతోనే మాట్లాడాలన్నది మరిచిపోయి. "పొగలో కూసునేది ఎవురు మే?" అంది వదిన. తర్వాత చాలాసేపు కోటు కదల్లేదు. ఆ పిల్ల కళ్లు కిందికి వాలాయి. చెడిందనే అనుకున్నాను. అంతలో వదినే ఒక నిట్టూర్పు విడిచి, లోపల ఏదో వేలు మడిచింది.

"ఐదున్నర నాది, నాలుగున్నర దానిది. రాసుకో."

ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో నాకు ఈనాటికీ తెలియదు. అడగలేదు.

ఈసారి ఒక్క పేజీ రాశాను. చావు మాట వదలడానికి నాకు మనసొప్పలేదు; వదినే దారి చెప్పింది, 'ఎవరైనా పొయ్యి కాడికి రాలేకపోతే' అని రాయమంది. దాని కింద చావు, జబ్బు, అలక అన్నీ వస్తాయి. సంతకం పెట్టబోతూ చిన్నామె ఆగింది.

"ఇంకొక మాట రాయండి మేడమ్. లెక్కలో తేడా వచ్చినా సరే, నన్ను ఇంటికి రానియ్యాల."

"అది కాయితంలో రాస్తారా మే? సిగ్గులేదా నీకు?" అని కసిరి, వదిన నా వైపు తిరిగింది. "రాయి లాయరమ్మా. రాస్తేగానీ నమ్మేటట్టు లేదు."

ఏ కోర్టులోనూ నిలవని షరతు అది. చివరి షరతుగా రాశాను. మర్నాడు పొయ్యి ముట్టించారు. సంస్థ పేరు, లైసెన్సు నెలాఖరులోపే తెప్పించాను; వాటి రుసుము వాళ్లే కట్టుకున్నారు. మిఠాయి వ్యాపారి కాగితం వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఇంతేనా అన్నాడు. సరుకు మాత్రం పెట్టుకున్నాడు.

నా ఫీజు దగ్గరికి వచ్చేసరికి వదిన నా కోటే అడిగింది. వేలికి వెయ్యి. ఎనిమిదితో మొదలుపెట్టాను. ఆమె ఒక్క వేలు పట్టుకుని వదల్లేదు. మండీలో పుట్టి పెరిగిన నన్ను నా కోటు కిందే నాలుగుకు దించింది.

బస్సు ఖర్చు కాస్త పెంచి రాసుకోవడం మా వంశాచారం. ఈ ఒక్క బిల్లులో రాయలేదు. వచ్చింది నాలుగు వేలు. స్టాంపు పేపరు, టైపింగు ఎనిమిది వందల యాభై. ఎవరికీ పనికిరాని ఇరవై పేజీల ప్రింటు, నకళ్లు నూటెనభై. బస్సులు, ఆటోలు నాలుగు వందల ఇరవై. కోటుకంటిన బెల్లం వదలగొట్టడానికి లాండ్రీకి నూటయాభై. ఉండల పొట్లం ఒకటి నలభై; వదిన ఊరికే ఇవ్వలేదు. నా పని రోజులకు కూలి వేసుకోలేదు, వేసుకుంటే మిగలదు.

మిగిలింది రెండు వేల మూడు వందల అరవై.