టీకా పెట్టె, నేను, ఆగని సైకిలు

శంషాబాద్‌లో విమానాలు దిగడం ఇంకా ఎవరి ఊహలోకీ రాని రోజులవి. ఇప్పుడు పొడుగాటి గోడలు, ముళ్ళకంచెలు ఉన్నచోట అప్పుడు రాతిగుట్టలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య ఎక్కుతూ దిగుతూ పోయే మట్టిబాటలు ఉండేవి. మా ఇళ్ళలో ఆడపిల్లకు ఉద్యోగం దొరకడమంటే పండగే (దొరికింది ఆర్నెల్ల తాత్కాలికపు పనే అయినా, ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు నా పేరుపెట్టి మరీ స్తోత్రం చెప్పారు). నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఊళ్ళో దవాఖానలో సహాయకురాలి పని. ఇంటర్వ్యూలో డాక్టరమ్మ చదువు గురించి పెద్దగా అడగలేదు. "పల్లెలకు తిరగాలి. సైకిల్ తొక్కడం వచ్చా అమ్మా?" అన్నారు. ఆవిడది గుంటూరు వైపు, మాట మెత్తగా ఉన్నా చూపు మెత్తన కాదు. "వచ్చు మేడమ్" అన్నాను ధైర్యంగా.

అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. నాకు సైకిలు తొక్కడం వచ్చు, దిగడం రాదు. నేను నేర్చుకున్నది మా నాన్న, అంటే బాపు సైకిలు మీద. అడ్డంగా కమ్మీ ఉన్న ఎత్తయిన మగవాళ్ళ సైకిలది. ఇంటిముందు గద్దె మీద నిలబడి దానిమీదికి ఎక్కేదాన్ని, వీధి చివరిదాకా పోయి చుట్టు తిరిగి వచ్చేదాన్ని. గద్దె దగ్గరికి రాగానే బాపు వెనకనుంచి గట్టిగా పట్టుకునేవాడు, నేను దిగేదాన్ని. సైకిలు తొక్కడమంటే చివర్లో బాపు పట్టుకోవడం కూడా అందులో భాగమనే చాలాకాలం అనుకున్నాను.

మొదటి నెలంతా జీపులోనే తిరిగాం కనుక నా గుట్టు బయటపడలేదు. రెండో నెలలో ఒక బుధవారం పొద్దున జీపు మొరాయించింది. సరిగ్గా ఆ రోజే గుట్టల అవతలి పల్లెలో పిల్లలకు తట్టు టీకాలు వేయాలి. అంతకుముందు ఎండాకాలంలో ఆ పల్లెలో తట్టు సోకి ఒక చిన్నపిల్ల పోయింది. అయినా తల్లులు సూది అంటే భయపడేవాళ్ళు. మా నర్సు సిస్టరమ్మ మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగి బతిమాలితే ఆ ఒక్క పూట కూలికి పోకుండా ఉంటామని ఒప్పుకున్నారు. సిస్టరమ్మ మొదటి బస్సుకే వెళ్ళి అక్కడ కూర్చుంది. మందు మాత్రం ఇక్కడ ఉంది, నీలం రంగు ఐసు పెట్టెలో. ఆ తర్వాతి బస్సు మధ్యాహ్నం దాకా లేదు.

డాక్టరమ్మ పెట్టె తెచ్చి నా భుజానికి తగిలించారు. "పదకొండు లోపల చేరాలమ్మా. ఐసు కరిగిందంటే మందు పనికిరాదు. ఆ తల్లులు ఇంకోసారి రారు." అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఇంతలో కాంపౌండరన్న, పొద్దున నన్ను దింపి బాపు అక్కడే వదిలివెళ్ళిన సైకిలును మెట్ల పక్కకు తెచ్చి నిలబెట్టి, "ఎక్కు చెల్లె, జర జల్ది" అన్నాడు. మెట్టు మీదినుంచి ఎక్కాను. అతను ఒక్క తోపు తోశాడు. ఇక అంతే.

మొదటి గండం బెంగుళూరు రోడ్డు. దాన్ని అడ్డంగా దాటాలి. అందరూ ఆగి, అటూ ఇటూ చూసి దాటుతారు. నాకు ఆగే వీల్లేదు. కుడివైపునుంచి లారీ, ఎడమవైపునుంచి బస్సు. "ప్రభువా" అని ఒక్క మాటే వచ్చింది (ప్రార్థన పూర్తి చేసే సమయం లేదు). గంట మోగిస్తూ వాటి మధ్యకు పోయాను. లారీ కీచుమని ఆగింది. "ఏందక్కా, బతకబుద్ధి అయితలేదా!" అని డ్రైవరు అరిచాడు. "ఆగరాదన్నా!" అని నేనూ అరిచాను. అతనికి ఏం అర్థమైందో మరి.

తొండుపల్లి దాటాక ఎత్తు మొదలైంది. దూరంనుంచి చూస్తే ఏమీ అనిపించని ఎత్తు, తొక్కుతుంటే గుండెల మీద కూర్చుంది. సైకిలు నెమ్మదించింది. ఇంకాస్త నెమ్మదిస్తే పడిపోతాను, పడితే పెట్టె పగులుతుంది. మామూలు మనిషయితే దిగి నడిపించుకుపోతుంది. నేను పళ్ళు బిగించి ఆ రాయి దాకా, ఈ పొద దాకా అంటూ తొక్కాను. చున్నీ ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. అరికాళ్ళు చెమటకు జారుతున్నాయి. సైకిలు అటూ ఇటూ ఊగి ఇక ఆగిపోతుందనగా వెనకనుంచి ఎవరిదో చెయ్యి పడింది. గొర్లు కాసే ఒక పెద్దాయన. "గింత కష్టపడుడెందుకు బిడ్డా, దిగి నడువరాదు?" అన్నాడు తోస్తూనే. "టీకా మందు తాతా" అన్నాను రొప్పుతూ, అదేదో జవాబైనట్టు. ఆయన గుట్ట నెత్తిదాకా తోసి వదిలాడు.

ఎత్తుకంటే దిగుడు భయంకరమని ఆ క్షణంలో తెలిసింది. ఎదురుగా బాట నిటారుగా వాగులోకి పోతోంది. బ్రేకు నొక్కితే కీచుమని చప్పుడైతే చేసింది గాని పట్టుకోలేదు. గాలికి కళ్ళలో నీళ్ళు. ముందురోజు వానకు కల్వర్టు మీదినుంచి జానెడు లోతున నీళ్ళు పారుతున్నాయి, వాటి కింద రాళ్ళున్నాయో గుంతలున్నాయో కనపడటం లేదు. పెట్టెను ఒక చేత్తో పొట్టకు అదుముకుని, కాళ్ళు రెండూ పైకెత్తి, కళ్ళు మూసుకున్నాను (దయచేసి ఎవరూ ఇలా చేయకండి). నీళ్ళు రెండువైపులా చీలి నెత్తిదాకా లేచాయి. కళ్ళు తెరిచేసరికి అవతలి గట్టు ఎక్కుతున్నాను.

పల్లె కనిపించింది. బడి ముందు తల్లులు పిల్లలతో నిలబడి ఉన్నారు. కొందరు అప్పటికే విసిగి ఇంటిదారి పడుతున్నారు. సిస్టరమ్మ చేతులు అడ్డంపెట్టి వాళ్ళను ఆపుతూ నన్ను చూసి, "వచ్చింది, మందు వచ్చింది!" అని కేక వేసింది. నేను వాళ్ళ ముందునుంచే ఆగకుండా దాటిపోయాను.

"ఏయ్ పిల్లా, ఏడికి పోతున్నవ్?"

బడి చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాను. "దిగుడు రాదు సిస్టరమ్మా!"

"రాకుంటె ఎట్ల ఎక్కినవే?"

సమాధానం చెప్పేలోపు మళ్ళీ దాటిపోయాను. మూడో చుట్టులో పెట్టెను భుజంనుంచి తీసి చాచి పట్టుకున్నాను. సిస్టరమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి నా పక్కన పరుగెత్తింది. ఒకసారి వేళ్ళు తగిలి జారాయి. "ఇంకొక్కసారి, తిన్నగ రా!" అంది. నాలుగో చుట్టులో పెట్టె ఆమె చేతిలో పడింది. మూత తెరిచి చూసి, "ఐసు గట్టిగనే ఉంది!" అని అరిచింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. తొక్కుతూనే ఏడ్చాను.

అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, "పోరి సచ్చేటట్టుంది, గొంగడి వట్టుండ్రి" అంది. నలుగురు ఆడవాళ్ళు నల్లటి గొంగడిని బాటకు అడ్డంగా చాపి నాలుగు మూలలా పట్టుకున్నారు. నేను సైకిలుతో సహా అందులోకి పోయాను. అందరం కలిసి కిందపడ్డాం. ఎవరో ముందు నవ్వారు, ఇక ఊరంతా నవ్వింది. చంకలో బిడ్డను దాచుకుని గోడవారగా నిలబడ్డ ఒకామె కూడా నవ్వింది. సిస్టరమ్మ నా చెవిలో మెల్లగా చెప్పింది, పోయిన ఎండాకాలం పెద్దబిడ్డను పోగొట్టుకున్నది ఆమేనని. ఆమె ముందుకొచ్చి చంటిపిల్ల చెయ్యి చాపి, "ఇగ మా పిల్లకు ముందుగాల్ల వెయ్యుండ్రి" అంది. ఆ రోజు ఒక్క తల్లి కూడా వెనక్కి పోలేదు.

సాయంత్రం సైకిలును నడిపించుకుంటూ తిరిగొచ్చాను. సిస్టరమ్మ బస్సులో రమ్మంటే, బాపు సైకిలును వదిలి రానన్నాను. వాగులో మొహం, తల తడుపుకుని, గుట్ట నెత్తిన కాసేపు కూర్చున్నాను. పొద్దున నేను చూడనే చూడని దారంతా అక్కడినుంచి కనిపించింది. వంపు తిరిగి మెరుస్తున్న వాగు, వరిమళ్ళు, ఒకదాని వెనక ఒకటి రాతిగుట్టలు, దూరంగా పహాడీ షరీఫ్ గుట్ట మీద చివరి ఎండ. మోచేతులు గీసుకుపోయి మండుతున్నాయి. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. అయినా ఎందుకో నాలో నేనే పెద్దగా నవ్వాను. (ఉద్యోగం పోలేదు. డాక్టరమ్మ నెలరోజులపాటు నన్ను చూసినప్పుడల్లా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, అంతే.)

తర్వాత ఆ ఆర్నెల్ల పనే పర్మినెంటై, ముప్ఫై ఏళ్ళు అదే పని చేశాను. ఎన్నో పల్లెలకు జీపుల్లో, స్కూటరు మీద, పద్ధతిగా, వేళకు వెళ్ళాను. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో బాల్కనీలో కూర్చుంటే, తడిసిన జుట్టుతో, చున్నీ లేకుండా, ఆ గుట్ట మీద ఒంటరిగా నవ్వుతున్న పిల్ల గుర్తొస్తుంది. దగ్గరికి పిలిచి నాలుగు తిట్టాలనిపిస్తుంది. తిట్టాక, తల తుడిచి, ఇంత వేడి టీ ఇవ్వాలనిపిస్తుంది.