డ్రిల్లు సారు గీసిన బాణాలు

మొన్న బుధవారం ఆఖరి పీరియడ్‌లో పదో తరగతి పిల్లలకు మూత్రపిండం బొమ్మ గీస్తున్నాను. మా బడి ఆయమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏదో సర్క్యులర్ తెచ్చిందనుకొని చెయ్యి చాపాను. ఆమె చేతిలో కాగితమేమీ లేదు.

"డ్రిల్లు సారు లేడంట మేడమ్. జమ్మలమడుగు నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసినాడు. మధ్యాన్నం అన్నం తిని పండుకున్నాడంట, మళ్ళ లేయలేదంట" అని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెళ్ళిపోయింది.

బొమ్మ సగంలోనే ఆగిపోయింది. ఈ ఏడే కొత్తగా చేరిన పిల్ల ఒకతి ముందు బెంచీలో నుంచి "ఎవరు మేడమ్ ఆ సారు?" అని అడిగింది. ఆ పిల్లకు అప్పుడు నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతాను.

ప్రొద్దుటూరులో నేను సైన్సు చెప్పే బడిలో ఆయన వ్యాయామం సారు. రోజూ జమ్మలమడుగు నుంచి మొదటి బస్సులో వచ్చేవారు. మెడలో విజిల్, దానికి తాడు బదులు ఎవరో పిల్లవాడు పారేసుకున్న బూటు లేసు. ఆయనకు ఓ మోస్తరు పొట్ట ఉండేది. పిల్లలను గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవారే గానీ, ఆయన పరిగెత్తగా ఎవరూ చూసిన పాపాన పోలేదు. "సార్, మీరెప్పుడు ఉరుకుతారు?" అని పిల్లలు ఆట పట్టిస్తే, "వంట మాస్టరు అన్నీ తానే తింటాడా నాయనా?" అనేవారు.

గ్రౌండులో నడిచేటప్పుడు ఆయన తల ఎప్పుడూ వంగే ఉండేది. గులకరాయి కనపడితే చాలు, తీసి జేబులో వేసుకునేవారు. పిల్లలు పడితే మోకాళ్ళు చీరుకుపోతాయని ఆయన భయం. సాయంత్రానికి చొక్కా జేబు వేలాడిపోయేది. బస్సెక్కే ముందు ఆ రాళ్ళను గోడ వారన పోసేవారు. అక్కడొక చిన్న కుప్పే తయారైంది. "జేబులు కుట్టీ కుట్టీ మా ఇంట్లోదానికి కండ్లు పోతాండాయి మేడమ్" అని నవ్వేవారు.

నాకూ ఆయనకూ పడని విషయం ఒక్కటే, పీరియడ్లు. పరీక్షలు దగ్గర పడితే లెక్కల సారూ నేనూ పోటీపడి ఆయన పీరియడ్లు లాక్కునేవాళ్ళం. "సైన్సు ల్యాబులో ఎలుక నా టైంటేబుల్ కొరుకుతాంది మేడమ్" అనేవారు. ఇచ్చేవారు. ఇచ్చి గ్రౌండులో ఒక్కరే రాళ్ళు ఏరుకుంటూ ఉండేవారు. కిటికీలో నుంచి చూస్తే నాకు కొంచెం సిగ్గేసేది. కొంచెమే. కొన్నాళ్ళకు పదో తరగతికి డ్రిల్లు పీరియడ్ అనేదే లేకుండా పోయింది.

ఒక ఎండాకాలం సెలవుల్లో ఆయన కూతురి కాన్పుకని కర్ణాటక వైపు వెళ్ళారు. అల్లుడి ఉద్యోగం పడమటి కనుమల అంచున ఒక చిన్న ఊళ్ళో. వానలు మొదలయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. తిరిగి వచ్చాక స్టాఫ్‌రూములో రెండు నెలలు ఒకటే కథ. మొదట కాలికి పట్టిన జలగ, తర్వాత మనవరాలు. జలగకే ఎక్కువ సమయం పట్టేది.

"మన కాడ వాన చుట్టపుచూపుకొస్తాది మేడమ్. ఆడ అట్ల గాదు, వాన కాపురముంటాది" అన్నారొకరోజు. ఆ అడవిని తోటల కోసం కొద్దికొద్దిగా నరికేస్తున్నారట. ఊళ్ళో కొందరు కలిసి, నరికిన చోట మళ్ళీ ఆ అడవి మొక్కలే పెంచి కాపలా కాస్తున్నారట. అల్లుడు కూడా వాళ్ళలో ఒకడు. "మనమేమన్నా చెయ్యాల. నాకు తెలిసిందల్లా పిల్లోళ్ళను ఉరికించేదే. ఉరికిస్తా" అన్నారు. బడి పిల్లలందరూ ఊరి వీధుల్లో మూడు కిలోమీటర్లు పరిగెత్తడం, అంగళ్ళవాళ్ళూ తల్లిదండ్రులూ తోచింది ఇవ్వడం, వచ్చింది ఆ అడవికి పంపడం, ఇదీ ఆయన పథకం.

మా బడి కరస్పాండెంటు గారికి బట్టల వ్యాపారం. ఏ మాటనైనా రెండుసార్లు కొలిచిగానీ కత్తిరించరు. ఆయన దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. సారు అడవి సంగతి చెప్పి, ఆ వెంటనే, "పరుగు బాగా జరిగితే పదో తరగతికి వారానికి ఒక్క డ్రిల్లు పీరియడ్ మళ్ళ ఇప్పించండి" అన్నారు. ఇది నాకు ముందుగా చెప్పలేదు. అడవి మీద ప్రేమ నిజమే, పీరియడ్ మీద ఆశ కూడా అంతే నిజం.

కరస్పాండెంటు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "సరే సార్. ఒక్క పిల్లోడు తప్పిపోయినా, ఒక్క తల్లి గేటు కాడికొచ్చి నా బిడ్డ యాడ అని అడిగినా, ఆ పీరియడ్ మాట మళ్ళ ఎత్తగూడదు."

"ఎత్తను" అన్నారు సారు.

చందాల కోసం బంగారు అంగళ్ళ వీధిలో తిరిగాం. ఒక అంగడాయన తూకం ఆపి మరీ అడిగాడు. "ఏంది సార్, మన పెన్నలో ఇసక తప్ప నీళ్ళు లేవు. యాడనో వానలు పడే అడవికి మనం దుడ్లియ్యాల్నా?"

"పెన్న యాడ పుట్టిందప్పా? కర్ణాటకలోనే గదా. మబ్బు గూడా శానా మటుకు ఆ దిక్కు నుంచే గదా వచ్చేది. మనింటికొచ్చే చుట్టం దార్లో రవ్వంతసేపు కూర్చునేకి ఒక చోటుండొద్దా?"

ఆయన ఇచ్చాడు. రోడ్డు మీదికి రాగానే సారు నా వైపు వంగి, "నేను చెప్పింది ఒప్పేనా మేడమ్?" అని గుసగుసగా అడిగారు. "సగం ఒప్పు సార్" అన్నాను. "సగమైతే పాస్ మార్కులు వచ్చినట్టే గదా" అని పక్క అంగట్లోకి దూరారు.

పరుగు ఆదివారం పొద్దున ఆరింటికి. బడి నుంచి పెన్న ఒడ్డుకు పోయి, వెనక వీధుల గుండా మళ్ళీ బడికి రావాలి. మలుపులు చాలా ఉన్నాయి. మలుపుకొక టీచరును నిలబెడదామన్నాను. "ఆదివారం గూడా వాళ్ళనెందుకు మేడమ్ ఇబ్బంది పెట్టేది? బాణాలు గీస్తాం గదా" అన్నారు. శనివారం సాయంత్రం గ్రౌండు గీతలకు వాడే సున్నం బక్కెట్లో కలుపుకొని ఇద్దరం బయలుదేరాం. మా ఊళ్ళో ఇళ్ళ ముందర నల్లటి నాపరాయి బండలు పరిచి ఉంటాయి. వాటి మీద తెల్ల సున్నంతో బాణాలు గీస్తే, ఆహా, కళ్ళున్నవాడు ఎవడూ దారి తప్పడు. సారు ఒక్కొక్క బాణాన్నీ వెనక్కి జరిగి చూసుకొని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు.

ఆదివారం తెల్లవారుజామున నేను లేచి, రోజూ చేసినట్టే వాకిలి ఊడ్చి, బండలు కడిగి, ముగ్గేసి, బడికి బయలుదేరాను. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆ వేళకు అదే పని చేస్తారన్న సంగతి, చేతిలో చీపురు పట్టుకొని కూడా, నా మట్టిబుర్రకు తట్టలేదు. సారు సంగతి సరేసరి. ఆయన జన్మలో వాకిలి కడిగి ఎరుగరు.

ఆరింటికి విజిల్ మోగింది. పిల్లలు కేకలేస్తూ గేటు దాటారు. సారు పరుగు ముగిసే చోట అడ్డం పట్టే తాడు పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డారు. కరస్పాండెంటు గారు గడియారం చూసుకుంటూ పక్కన నిలబడ్డారు. ఇరవై నిమిషాలకు మొదటివాడు రావాలి. అరగంటైంది, ఎవరూ లేరు. నలభై నిమిషాలైంది. వీధి చివర ఒక ఆవు తప్ప ఏదీ కదలడం లేదు.

అప్పుడొక పాలాయన సైకిలాపి, "ఏంది సార్, మీ పిల్లోళ్ళు కూరగాయల మార్కెట్లో తిరుగుతాండారు?" అన్నాడు.

సారు ముఖం చూశాను. నెత్తురు చుక్క లేదు. చేతిలో తాడు కింద పడేసి, ఆ పొట్టతో, ఆ వయసులో, ఆయన పరిగెత్తారు. ఎంతో వేగంగా! నేను చెప్పులు చేతబట్టుకొని వెనకే పరిగెత్తాను. మలుపు మలుపుకూ తడి బండలు, వాటి మీద పద్మాలు, చుక్కలు, తీగలు. ఒక్క బాణం లేదు. సారు విజిల్ ఊదుకుంటూ వీధి వీధీ తిరిగారు. ఆ విజిల్ పిల్లలకు అమ్మ పిలుపంత బాగా తెలుసు. సందుల్లో నుంచి ఇద్దరు, గుడి వెనక నుంచి పదిమంది, మార్కెట్లో నుంచి ఒక గుంపు, అందులో ఒకడి చేతిలో ఎవరో పెట్టిన ముల్లంగి. వాకిళ్ళలో ఆడవాళ్ళు చీపుర్లతోనే చెయ్యి చూపించారు. "అట్ల పోయినారు సార్! ఇట్ల నలుగురు పోయినారు!"

గేటు దగ్గర హాజరు పట్టీ పట్టుకొని పిలిచాను. ఆరో తరగతిలో పదకొండుమంది, పదో తరగతిలో ఒక పిల్ల, ఇంకా లేరు. సారు గేటు ఊచ పట్టుకొని నిలబడ్డారు. కరస్పాండెంటు గారు మళ్ళీ గడియారం చూసుకున్నారు.

అప్పుడొచ్చారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకొని పదకొండుమంది చిన్నపిల్లలు, ముందు ఇంజనులా ఆ పదో తరగతి పిల్ల. అందరూ దారి తప్పారని తెలిశాక ఆ పిల్ల పరుగు మానేసి, చిన్నవాళ్ళను వీధుల్లో ఏరుకుంటూ వచ్చింది. సారు ఆ రోజు అందరికంటే పొడుగు విజిల్ ఆ పిల్లకే ఊదారు. "ఆఖరున వచ్చినోళ్ళు గూడా వచ్చినట్టే" అనేది, గ్రౌండులో ఆఖరివాడికి కూడా విజిల్ ఊదుతూ, ఆయన ఎప్పుడూ అనే మాట. ఆ రోజు దానికి అర్థం తెలిసింది.

వాళ్ళ వెనకే, చీపురుతో సహా, మలుపు ఇంటి అవ్వ వచ్చింది. నేరుగా గేటు దగ్గరికే.

"ఎవురప్పా మా ఇంటి ముందర సున్నం గీకింది? ఎవురో ఏమో చేసినారని పసుపునీళ్ళేసి రెండుసార్లు కడిగినా! నడుము పడిపోయింది."

"నేనే అవ్వా. పిల్లోళ్ళకు దారి గుర్తు..." అని సారు నసిగారు.

"ఆ మాట నిన్న చెప్పొద్దా? చెప్పింటే ముగ్గులోనే వేసింటాం గదా! బాణమేసేది ఏమన్నా బ్రహ్మవిద్యనా?"

సారు తల వంచుకున్నారు. గేటు దగ్గరికి తల్లి లాంటిది వచ్చింది కదా, ఇక పీరియడ్ పోయినట్టే. కరస్పాండెంటు గారు చాలాసేపు ఆలోచించి, "పిల్లోళ్ళందరూ వచ్చేసినారు. అవ్వ వచ్చింది గానీ, బిడ్డ యాడ అని అడిగేకి రాలేదు. తిట్టేకి వచ్చింది. అది మన మాటలో లేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఉరకంగా చూసినా సార్. బుధవారం ఆఖరి పీరియడ్ తీసుకోండి" అన్నారు.

సారు నవ్వబోయి ఏడ్చేశారు. అవ్వే కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

అప్పటి నుంచి కరోనా రోజుల్లో తప్ప ఏటా పరుగు జరిగింది. ముందురోజు సారు ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చేవారు. తెల్లారేసరికి ప్రతి మలుపులోనూ ముగ్గు బాణాలు. కొందరు బాణం చుట్టూ పూలు, చిలకలు కూడా వేసేవాళ్ళు. అడవికి ఎంత మేలు చేశామో నాకు తెలియదు. అల్లుడు పంపిన ఫొటోలో మాత్రం మోకాలెత్తు మొక్కల మధ్య ఒక చెక్క మీద మా ఊరి పేరు తెలుగులో రాసి ఉంది. సారు దాన్ని పర్సులో పెట్టుకొని తిరిగేవారు.

ఆయన రిటైరయ్యారు. కొత్త సారు వచ్చారు. ఇక అసలు సంగతి చెప్పాలి. ఈ ఏడు సిలబస్ ఎక్కువైందని, బుధవారం ఆఖరి పీరియడ్ అడిగి తీసుకున్నది నేనే.

నెల కిందట జమ్మలమడుగు వెళ్ళి ఆయన్ను చూశాను. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు. మంచం మీద నుంచే జలగ కథ మళ్ళీ చెప్పారు. ఈసారి జలగ ఇంకొంచెం పొడవు పెరిగింది. నేను లేచేటప్పుడు, "బుధవారం పీరియడ్ జరుగుతాందా మేడమ్?" అని అడిగారు.

"జరుగుతాంది సార్."

"మీరు అబద్ధం చెప్పేటప్పుడు కండ్లద్దాలు తుడుచుకుంటారు మేడమ్" అని నవ్వారు. కోపమేమీ లేదు. "సిలబస్ యాడికీ పోదు. పిల్లోళ్ళే పోతారు." వచ్చే వారం నుంచి ఇచ్చేస్తానని మాటిచ్చాను. వచ్చే వారం యూనిట్ టెస్టులొచ్చాయి. ఆ పై వారం ఇంకేదో వచ్చింది. కబురు వచ్చేసరికి నేను ఆయన పీరియడ్‌లోనే నిలబడి మూత్రపిండం గీస్తున్నాను. ఇంతకంటే సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

"పుస్తకాలు మూయండి. గ్రౌండుకు పదండి" అన్నాను పిల్లలతో. నమ్మలేక నా వైపు చూశారు, తర్వాత తలుపు విరిగేటట్టు పరిగెత్తారు. నా దగ్గర విజిల్ లేదు. చప్పట్లు కొట్టాను. ఆఖరి పిల్ల నడుచుకుంటూ వచ్చేదాకా కొడుతూనే ఉన్నాను. ఒక గులకరాయి కనపడితే వంగి తీసి, గోడ వారన కుప్పలో వేశాను. వెళ్ళేటప్పుడు టైంటేబుల్‌లో నా పేరు కొట్టేసి వచ్చాను.

మరుసటి రోజు అంత్యక్రియలకు పొద్దున్నే బస్టాండుకు బయలుదేరాను. మలుపులో అవ్వ, ఇప్పుడు నడుము బాగా వంగిపోయింది, వాకిట్లో కూర్చొని ముగ్గేస్తోంది. చూస్తే పద్మం కాదు, బాణం.

"ఈ పొద్దు పరుగు లేదు గదవ్వా" అన్నాను.

"తెలుసు లేమ్మా. ఆయప్పకు దారి గుర్తులు పెట్టేది యాడొచ్చు? ఏ సందులోనన్నా తప్పిపోతాడేమోనని వేసినా" అంది, తల ఎత్తకుండా.

సాయంత్రం జమ్మలమడుగు నుంచి అదే దారిన తిరిగి వచ్చాను. వీధిలో మిగతా ముగ్గులన్నీ బండ్ల చక్రాల కింద చెరిగిపోయాయి. బడి వదిలిన పిల్లలు ఆ మలుపులో సైకిళ్ళు దిగి, పక్కగా నడిపించుకుంటూ పోతున్నారు. నల్లటి బండ మీద తెల్ల బాణం, బడి గ్రౌండు వైపు చూపిస్తూ, పొద్దున వేసినట్టే ఉంది.