ఎంత కోసినా తరగని లెక్క

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతని కొండంత చేసే మనిషిని. పైగా ఇది కొండల మీది కథ, కాబట్టి ఎక్కడికక్కడ తరుగు తీసుకుంటూ చదువుకోండి. మొన్న మా అమ్మాయి ఓ ఇంటిగ్రేషన్ లెక్కని సెల్‌ఫోనుతో ఫొటో తీస్తే, నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు జవాబు, చివరి స్థిరాంకంతో సహా, తెర మీదకొచ్చి కూర్చుంది. లెక్కేమో, e పవర్ ఎక్స్ ఇంటూ సైన్ ఎక్స్. మండుటెండల్లో నాకు చలేసింది.

తొంభైల చివర్లో పాడేరు అవతల ఓ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్కల లెక్చరర్‌గా చేరాను. అక్కడి పొగమంచుని చీపురుతో ఊడిస్తే తప్ప బోర్డు కనబడేది కాదు. చలికి చెయ్యెంత వణికేదంటే, నిలువు గీత గీద్దామన్నా సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, గుర్తే పడేది. జలగలు కాకరకాయలంత ఉండేవంటే మా ఆవిడ ఇప్పటికీ దొండకాయలకి బేరమాడుతుంది.

సమాకలనం మొదలెట్టాక నా క్లాసు కరిగిపోయింది. ప్రతిక్షేపణ దగ్గర కొందరు, పాక్షిక భిన్నాల దగ్గర కొందరు చదువే మానేస్తే, విభాగ సమాకలనం దాకా మిగిలింది ఒకే ఒక్క అమ్మాయి. లెక్కల టీచరవ్వాలని ఆ పిల్ల కోరిక. ఈ ఒక్కతీ పరీక్ష తప్పితే లెక్కల గ్రూపే ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. అంతలో కాఫీ పళ్ళ కోత వచ్చి, ఆ పిల్లా రావడం మానేసింది.

ఇక నాకు దిక్కు తోచక, బానెట్ మీద మనుషులూ నా ఒళ్ళో మేకా ఉన్న జీపులో వాళ్ళ తోటకే వెళ్ళాను. వాళ్ళమ్మ పళ్ళు కోస్తూనే, "ఈపాలి తప్పిందంటే గుంట సదువు సాలు మేష్టారూ, తోటలోనే ఉంటాది," అంది. అప్పట్నుంచి రోజూ అక్కడే క్లాసు. ఆ పిల్ల చేతులు ఎర్ర పళ్ళు ఏరుతుంటే నేను వెనకాలే నడుస్తూ చెప్పేవాణ్ణి: రెండు ప్రమేయాల్లో ఒకదాన్ని అవకలనం చేసి అరగదీయాలి, రెండోదాన్ని సమాకలనం చెయ్యాలి. "ఏది బేగి అయిపోతాదో దాన్నే అరగదీయాల, అంతేనా సార్?" అంది. అంతే! ఉత్త ఎక్స్‌తో గుణించిన లెక్కలన్నీ ఇట్టే పట్టేసింది.

కానీ మొదట చెప్పిన ఆ సైను లెక్కలో రెండూ అరగవు. రెండుసార్లు చేస్తే మొదటి లెక్కే మళ్ళీ ఎదురొస్తుంది. దాన్ని ఎడంపక్కకి తీసుకుపోయి కలిపి, సగం చెయ్యాలి. ఒకటే జాగ్రత్త: మొదటిసారి అరగదీసిన రకాన్నే రెండోసారీ అరగదీయాలి, మధ్యలో మార్చామా, చేసిందంతా మనమే చెరిపేసుకున్నట్టు, అన్నీ కొట్టుకుపోయి సున్నా మిగులుతుంది. ఆ పిల్ల మార్చేసేది. రోజూ మార్చేసేది. "ఏటి మేష్టారూ, పళ్ళు కోసీసినాం, ఎండబెట్టీసినాం, మీ లెక్క ఇంకా పచ్చిగానే ఉందేటి?" అని వాళ్ళమ్మ నవ్వితే తోటంతా నవ్వింది, మిరియాల తీగలతో సహా. నేనూ నవ్వాను గానీ, పరీక్ష దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సయించేది కాదు.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. ఆ పిల్ల పాసయింది. ఫలితాల రోజు వాళ్ళమ్మ గోనెడు కాఫీ గింజలు నా గుమ్మంలో దించింది, ప్రిన్సిపాల్ నన్ను ఎత్తుకుని తిప్పాడు.

ఇదిగో, తరుగు సంగతి. మంచులో, జలగల్లో, మేకలో ఎంత కోసేసినా కొంత నిజం మిగులుతుంది. మొత్తంగా కల్పించింది ఆ పాసవడమూ, ఆ సంబరమూ మాత్రమే. నిజానికి ఆ పిల్ల పరీక్ష హాల్లోంచి బయటికొచ్చి, నా మొహం చూడకుండా, "అన్నీ కొట్టుకుపోనాయి సార్," అంది. వాళ్ళమ్మ అన్న మాట మీదే నిలబడి చదువు మాన్పించేసింది. గ్రూపు ఎత్తేశారు, నేను ఘాట్ రోడ్డు దిగొచ్చేశాను.

ఇప్పుడా కొండల మీదా టవర్లున్నాయట. కాఫీ మొక్కల మధ్య నిలబడి ఏ గుంటయినా ఒక్క ఫొటోతో ఆ జవాబు తెచ్చుకోవచ్చు. నేను మాత్రం ఆ లెక్క కంటబడినప్పుడల్లా కాగితం మీదే చేస్తాను. రెండో అడుగు దగ్గర కాసేపు ఆగి, ఎవరూ లేకపోయినా పైకే అంటాను: మార్చకమ్మా, మొదట పట్టుకున్నదాన్నే పట్టుకో.