మామ దగ్గరి చూపు

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను సబ్‌సెంటర్ వరండాలో పిల్లల బరువులు తూస్తున్నాను. దూలానికి వేలాడదీసిన తక్కెడలో ఒక పసివాడు కాళ్ళు తన్నుకుంటున్నాడు. ఫోన్ చేసింది కిష్టారం వెళ్ళే దారిలో పంక్చర్లు వేసే అతను. మీ మామ బండి పులియా దగ్గర పడింది, తొందరగా రమ్మన్నాడు. బండి పడిందని చెప్పాడు గానీ మనిషి ఎలా ఉన్నాడో చెప్పలేదు. చెప్పకపోవడంలోనే నాకు అర్థమైపోయింది. పసివాణ్ణి దించి తల్లి చేతికిచ్చాను. బరువెంతో రాసుకోవడం మరిచిపోయాను.

పులియా అంటే మా దగ్గర రోడ్డు కింద నీళ్ళు పోవడానికి కట్టిన చిన్న వంతెన. వానలకు దాని ఒక అంచు కోసుకుపోయి ఉంది. మామ బండి ముందు చక్రం సరిగ్గా ఆ కోతలోకి దిగింది. నేను వెళ్ళేసరికి ఆయన్ని టేకు చెట్టు కిందికి చేర్చి మొహం మీద తువ్వాలు కప్పారు. బండి మీద నుంచి మందుల సంచీ ఎవరో జాగ్రత్తగా విప్పి ఆయన పక్కనే పెట్టారు. నేను తువ్వాలు ఎత్తి చూశాను. అప్పుడు చూసింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను, కాస్త ఆగి.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. సబరి నది ఒడ్డున ఉన్న కొంటా అనే ఊళ్ళో పుట్టి అక్కడే పెరిగాడు. మా వాళ్ళందరూ బజారులో దుకాణాలు పెట్టుకుంటే ఆయన ఒక్కడే మలేరియా ఉద్యోగంలో చేరాడు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, అడవి ఊళ్ళలో దోర్ల వాళ్ళ భాష దోర్లీ మాట్లాడేవాడు. ఇరవై ఆరేళ్ళు బండి మీదే తిరిగాడు. ఊళ్ళలో ఆయన పేరు ఎవరికీ తెలియదు, మలేరియా సార్ అంటే చాలు. జ్వరం వచ్చినవాళ్ళ వేలు గుచ్చి, ఒక్క చుక్క నెత్తురు కిట్టు మీద వేసి, పావుగంట ఆగి చెప్పేవాడు. గీత ఒక్కటే పడితే మలేరియా లేనట్టు. పక్కన రెండోది పడితే ఉన్నట్టు. రెండోది ఒక్కోసారి వెంట్రుకంత సన్నగా, ఉందా లేదా అన్నట్టుగా పడుతుంది. ఆ ఉందా లేదా అన్నదాని మీదే మందు ఆధారపడి ఉంటుంది.

నాకు నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆ దారుల్లో ఆడపిల్ల ఎట్లా తిరుగుతుందని అమ్మ భయపడింది. మామ నన్ను సబరి ఒడ్డుకు తీసుకుపోయి వారం రోజుల్లో బండి నేర్పాడు. నేను ఎప్పుడూ ముందు చక్రాన్నే చూస్తూ నడిపేదాన్ని. ఆయన వెనక కూర్చుని నా తలను రెండు చేతులతో పట్టుకుని పైకి ఎత్తేవాడు. “చక్రాన్ని చూడకు బిడ్డా. నువ్వు దారిని చూడు, చక్రం సంగతి చక్రం చూసుకుంటది” అనేవాడు. ఆయన దూరపు చూపు అంత గొప్పది. అవతలి ఒడ్డున పడవ ఎక్కుతున్న మనిషి ఎవరో నడకను బట్టి కాదు, మొహం చూసి చెప్పేవాడు.

నలభై ఐదు దాటాక దగ్గరి చూపు తగ్గడం మొదలైంది. అందరికీ తగ్గేదే. కానీ బండి మీద బతికేవాడికి అది ఎన్ని చోట్ల అడ్డుపడుతుందో మామను చూశాకే నాకు తెలిసింది. ముందు కొత్త ఫోన్లో అక్షరాలు పోయాయి. తర్వాత బండి మీటరులో పెట్రోలు ముల్లు పోయింది. ట్యాంకును రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపి, లోపల పెట్రోలు చప్పుడు విని ఎంత ఉందో చెప్పేవాడు. మీటరు అద్దం మీద అరవై దగ్గర మా అత్త గోళ్ళ రంగుతో ఎర్రచుక్క పెట్టించాడు. అంకెలు కనపడకపోయినా రంగు కనపడేది. టైరులో ముల్లు దిగితే బొటనవేలితో తడిమి వెతికేవాడు. తాళంచెవి పెట్టడానికి ముందు ఎడమచేతి వేలితో కంత ఎక్కడుందో చూసుకునేవాడు. దారిలో పోలీసు క్యాంపు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాల్సి వస్తే గీత మీద వేలు పెట్టి చూపించమని జవానునే అడిగేవాడు. నవ్వుతూనే అడిగేవాడు గనుక అది అవసరమని ఎవరూ అనుకోలేదు.

చివరికి సంతలో చదువుకునే అద్దాలు కొన్నాడు. అవి పెట్టుకుంటే కాగితం బాగా కనపడేది, దారి మసకబారేది. అందుకని బండి ఎక్కేటప్పుడు తీసి జేబులో పెట్టుకోవాలి, ఊళ్ళో దిగాక మళ్ళీ పెట్టుకోవాలి. జేబులో ఉంటే గుంటల్లో ఎగిరి కింద పడేవి. దారం కట్టి మెడకు వేసుకుంటే గాలికి చెంపల మీద కొట్టుకునేవి. ఎర్రదుమ్ము పట్టి, తుడిచిన కొద్దీ గీతలు పడేవి. ఏడాదిలో నాలుగు జతలు పోగొట్టాడు. పట్నం వెళ్ళి డాక్టరుకు చూపించుకో మామా అంటే, జ్వరాల కాలం దాటనీ అనేవాడు. మా దగ్గర జ్వరాల కాలం దాటడమంటూ ఉండదు.

కిందటి వానాకాలంలో ఒక రోజు వాగు దాటుతుంటే అద్దాలు నీళ్ళలో పడిపోయాయి. వెనక్కి రాలేదాయన. ఆ ఊళ్ళో ఇరవై మందికి పైగా జ్వరంతో ఉన్నారని కబురు ఉంది. అక్కడ ఒక ఆరేళ్ళ పాపకు వేలు గుచ్చాడు. కిట్టును చాచిన చేతిలో వెలుతురుకు పట్టుకుని చూశాడు. ఒకటే గీత అన్నాడు. ఆ పిల్ల తల్లి దోర్ల ఇంటి మనిషి, చదువు రాదు. పక్కనుంచి తొంగి చూసి, ఇంకోటి కూడా ఉన్నట్టుంది సార్ అంది. మామ మళ్ళీ చూశాడు. ఒకటే అన్నాడు. జ్వరం బిళ్ళలు ఇచ్చి, తగ్గకపోతే కబురు చెయ్యమన్నాడు.

నాలుగో రోజున ఆ పాపను మంచం మీద మోసుకుని కొంటాకు తెచ్చారు. అప్పటికే పిల్లకు తెలివి లేదు. భద్రాచలం తీసుకుపోయే బండి ఎక్కించారు గానీ, పాప అంత దూరం పోలేదు.

మామ వాడిన కిట్లన్నీ డబ్బాలో దాచి ఉంచేవాడు, ఆఫీసులో అప్పగించాలి గనుక. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, వాటిలోంచి ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

“చూడు బిడ్డా. ఎన్ని ఉన్నయి?”

రెండు ఉన్నాయి. రెండోది చాలా సన్నగా ఉంది. ఆ సంగతి చెప్పకుండా, ఇన్ని రోజుల తర్వాత చూసే గీతకు విలువ లేదని, ఆలస్యమైతే దొంగ గీతలు పడతాయని ట్రైనింగులో చెప్పారు కదా అన్నాను. అది నిజమే, ట్రైనింగులో చెప్పారు. ఆయన నా మొహంలోకి చూశాడు.

“ఆ తల్లి అప్పుడే చూసింది” అన్నాడు.

నేను కిట్టును తిరిగి డబ్బాలో పెట్టాను.

అదే వారంలో ఆ ఊరికి పోదామన్నాడు. నేను బండి నడిపాను, ఆయన వెనక కూర్చున్నాడు. ఆ తల్లి ఇంటి ముందు కూర్చుని వడ్లు చెరుగుతోంది. మామ చెప్పులు విడిచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తప్పు తనదేనని, తన కళ్ళు సరిగా లేవని, ఆ రోజు అద్దాలు లేకుండా చూశానని దోర్లీలో చెప్పాడు. దాచుకోలేదు, ఏడవలేదు. ఆమె చేట ఆపలేదు. చెరుగుతూనే తెలుగులో ఒక్క మాట అంది, బహుశా నాకూ తెలియాలని.

“నేను చెప్పిన కద సార్.”

ఆమె గొంతులో కోపం ఉంటే బాగుండేదని తిరిగి వచ్చేటప్పుడు మామ అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఆఫీసుకు వెళ్ళి జరిగింది కాగితం మీద రాసిచ్చాడు. ఏ శిక్షా పడలేదు. పిల్లలు పోవడం ఇక్కడ కొత్త కాదు. అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. తిండి తగ్గింది. అత్త పెట్టిన కంచం ముందు కూర్చుని మెతుకులు వేళ్ళతో విడదీస్తూ ఉండేవాడు. ఇక నేను కిట్టు ముట్టను, కూర్చుని చేసే పని ఏదైనా ఇవ్వమన్నాడు. ఆయన బదులు తిరిగే మనిషి లేడన్నారు.

అప్పుడు నేను కల్పించుకున్నాను. నీ కళ్ళది మందు లేని జబ్బేం కాదు గదా, మంచి అద్దాలు పెట్టుకుంటే నీ పని నువ్వు చేసుకోవచ్చు అని పోరి పోరి జగ్‌దల్‌పూర్ తీసుకుపోయాను. పైన దూరానికి, కింద దగ్గరకు, ఒకే అద్దంలో రెండు రకాలు ఉన్న కళ్ళజోడు రాశారు. అద్దాలు బిగించిన దుకాణదారు, మొదట్లో మెట్లు దిగేటప్పుడు నేల తేలినట్టు ఉంటుంది, రెండు వారాలు బండి జోలికి పోవద్దు అని హిందీలో చెప్పాడు. ఆ మాట నేనూ విన్నాను.

ఇంటికి వచ్చిన రోజు మామను చూడాలి. ఉప్పు పాకెట్ మీద సన్న అక్షరాలు చదివాడు. అగ్గిపెట్టె మీది అక్షరాలు చదివాడు. బిళ్ళల అట్ట వెనక గడువు తేదీ తనంతట తానే చూసుకున్నాడు. అత్త చేతి మీద ఒక మచ్చ చూసి ఇది ఎప్పటిది అని అడిగాడు. పెళ్ళికి ముందు నుంచీ ఉందని చెప్పి అత్త నవ్వింది. ఆ పూట అన్నం మారు వడ్డించుకున్నాడు. ఆ పాప పోయాక ఆయన కడుపునిండా తినడం నేను చూసింది అదొక్కసారే.

రెండు వారాలు ఆగలేదు, నాలుగో రోజుకే బండి తీశాడు. సాయంత్రం మా సబ్‌సెంటర్ దగ్గర ఆగి, “కిందికి చూస్తే రోడ్డు యాడుందో తెలుస్తలేదు బిడ్డా, చక్రం ముందర అంతా పొగ లెక్క ఉంది” అన్నాడు. గడ్డం ఛాతీకి ఆనించి, పై అద్దంలోంచి నేలను వెతుక్కుంటూ వస్తున్నాడని నేనూ చూశాను. నడిపేటప్పుడు తీసి పెట్టుకో అనబోయాను. ఆయనే ముందు చెప్పాడు, తీసి పెట్టుకుంటేనే కదా ఆ రోజు నీళ్ళలో పోయినయి, ఇక ఇవి నా మొహం వదలవు అని. రబ్బరు పట్టీ ఒకటి తల వెనక నుంచి బిగించి కట్టుకున్నాడు.

నేను అన్న మాట ఇది. “అలవాటైతది మామా.”

అలవాటు కావడానికి ఆరు రోజులు కూడా లేవు.

పులియా దగ్గర తువ్వాలు ఎత్తినప్పుడు నేను చూసింది ఆ కళ్ళజోడునే. పగల్లేదు, పక్కకు జరగలేదు, కట్టింది కట్టినట్టే ఉంది. పట్టీ విప్పి నా సంచిలో వేసుకున్నాను. ఇంటికి తెచ్చాక అత్త నన్ను ఒక్కటే అడిగింది, అద్దాలు పెట్టుకునే పడ్డాడా అని. లేదత్తా, జేబులో ఉన్నయి అన్నాను. కోసుకుపోయిన అంచు ఎవరి కళ్ళకైనా కనపడకపోవచ్చునని మా వాళ్ళు అంటారు. ఎదురుగా బండి ఏదో వచ్చిందేమో అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ దారి ఆయనకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు, కళ్ళు మూసుకుని పోయేంతగా తెలుసు. ఆయన్ని కింద పడేసింది నేను పెట్టించిన కళ్ళజోడేనని నాకు అనిపిస్తుంది. ఇది ఎవరూ రుజువు చేయలేరు, ఎవరూ కాదని కూడా నన్ను నమ్మించలేరు. మా అత్త హిందీలో చదువుకుంది, తెలుగు చదవడం రాదు. ఎవరైనా దీన్ని ఆమెకు చదివి వినిపిస్తే వినిపించండి. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం నాకు లేదు.

నా కాళ్ళ మీద నేను నిలబడటం నేర్పినవాడు ఆయనే. ఒక మనిషి తన తప్పును ఎవరి ముందు కూర్చుని ఒప్పుకోవాలో కూడా ఆయన దగ్గరే చూశాను. ఆ రుణం తీరేది కాదు. ఆయనంత పని నేను చేయలేకపోతున్నాను కూడా.

పెద్దకర్మ అయ్యాక ఆయన తిరిగిన ఊళ్ళు కొన్నాళ్ళు నన్నే చూసుకోమన్నారు. మొదటి రోజు ఒక ఊళ్ళోకి దిగుతుంటే, బండి చప్పుడు విని నలుగురైదుగురు పిల్లలు ఇళ్ళలోంచి వచ్చారు. వాళ్ళలో ఒక చిన్నది, ఒళ్ళు కాలిపోతోంది, దుప్పటి కప్పుకుని వచ్చి నా ముందు నిలబడి అడగకుండానే ఉంగరం వేలు చాపింది. నన్ను చూడటం లేదు. నా వెనక ఖాళీగా ఉన్న దారి వైపు చూస్తోంది. సార్ రాడమ్మా అన్నాను. దానికి తెలుగు రాదు. వేలు తుడిచి గుచ్చాను, చుక్క పైకి వచ్చింది. అది చెయ్యి వెనక్కి తీసుకోలేదు, దారి మీది చూపూ తిప్పుకోలేదు.