చేదన్నం

సాక్చి బజారు వెనక సందులో అప్ప హోటలుండేది. అప్ప అంటే అక్క, ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్లం. రేకుల కప్పు, రెండు బల్లలు, బొగ్గుల పొయ్యి. అప్ప తండ్రిది శ్రీకాకుళం వైపు, తల్లి ఒడియా ఆవిడ. అందుకే ఒకే ఆకులో కూరగాయలేసిన ఒడియా పప్పు దాల్మా, గోంగూర పచ్చడి పక్కపక్కన పడేవి. కార్ఖానాలో కాంట్రాక్టు పనికొచ్చిన మన తెలుగువాళ్లకి ఆ హోటలే రచ్చబండ. పెళ్లి సంబంధాలు, తగువులు అన్నీ అక్కడే తేలేవి.

చావైనా అంతే. సువర్ణరేఖ నది ఒడ్డున దహనం చేసినవాళ్లు తిన్నగా అప్ప దగ్గరికొచ్చి, వేపాకు కలిపిన అన్నం ఒక్క ముద్ద తిన్నాకే ఇంటికి వెళ్లాలి. అది వాళ్లమ్మ వైపు ఆచారం, మెల్లగా మా అందరిదీ అయింది. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కదా, అందరి తరఫునా అప్పే వండేది.

డెబ్బైల చివర ఒక వానాకాలం అప్ప మొగుడు కామెర్లతో పోయాడు. హోటల్లో వంట ఆమెది, వడ్డన ఆయనది. మేముండే సిద్ధగోరా నుంచి నేనూ మా ఆయనా వెళ్లాం. మగాళ్లు శవంతో వెళ్లారు, నేను హోటల్లోనే అప్ప దగ్గర కూర్చున్నాను. ఆమె కంట చుక్క నీరు లేదు. నాకు భయమేసింది.

సాయంత్రం మగాళ్లు తిరిగొచ్చారు. కాళ్లు కడుక్కుని బల్లల మీద వరసగా కూర్చున్నారు. ఒక పెద్దాయన ఆకు కూడా పరుచుకున్నాడు. కార్ఖానా సైరన్ కూస్తే లేవడం, ఆకు కనిపిస్తే కూర్చోవడం తప్ప వీళ్లకేం తెలుసు? ఎవరింటి చావో ఒక్కడికీ గుర్తులేదు. నాకు ఒళ్లు మండింది.

అప్ప లేచి పొయ్యి దగ్గరికి నడిచింది.

"ఈయేళ నువ్వు పొయ్యి ముట్టకూడదప్పా. కూకో, నాను సేత్తాను" అన్నాను.

"నువ్వు సేసేత్తే నానేటి సెయ్యాలమ్మా?" అంది.

ఆమె వండింది, నేను వడ్డించాను. ఎవరింటి చావో మగాళ్లకి అప్పుడు తెలిసొచ్చింది. తలెత్తకుండా తిని, ఒక్కొక్కరే లేచి బయట వానలో నిలబడ్డారు.

చివర్న అప్ప కూడా ఆకు వేసుకుని కూర్చుంది. తల వంచుకునే, రోజూ మొగుణ్ని పిలిచినట్టే, "ఇదిగో, నాకూ ఓ ముద్ద ఎట్టు" అంది.

నేనే వెళ్లి పెట్టాను. ఆకు మీదికి వంగిన నా చేతి గాజులు చూసి తలెత్తింది. అప్పుడు ఏడ్చింది.