పరదా లోపలి నుంచి నేను చెప్పిన జవాబు

ఒక ఆడమనిషి చావును ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఏడుపు రాదు. వస్తే బాగుండేదేమో. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి పాపాలు ఒప్పుకుంటాను, ఇదొక్కటి తప్ప. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నిజాం మీద పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో నేను సికింద్రాబాద్‌లో ఒక ఆడవాళ్ళ ఆసుపత్రిలో నర్సుని. లేడీ డాక్టరు గొడవలకు భయపడి సొంతూరు వెళ్ళిపోయారు. ఆమె బదులు ఒక పెద్దాయన వచ్చేవారు. ఘోషా పాటించే ఆడవాళ్ళను మగ డాక్టరు చూడకూడదు గనక మంచానికి అడ్డంగా పరదా కట్టేవాళ్ళం. ఆయన అవతల కూర్చుని అడిగేవారు. నేను లోపల చూసి, తాకి, జవాబు చెప్పేదాన్ని. లోపలివాళ్ళు పరాయి మగవాడికి గొంతు వినిపించరు. నేనేం చెబితే అదే ఆయనకు తెలిసేది. ఆ పని నాకు గర్వంగా కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం బన్సీలాల్‌పేట్ నుంచి ఒకావిడ నిండు గర్భిణి అయిన కూతుర్ని టాంగాలో తీసుకొచ్చింది. పిల్ల పేరు జైనబ్. తల్లి నా చెవి దగ్గర గొణిగింది.

"జెర చూడు సిస్టరమ్మా. నిన్నటి సంది తలనొప్పి అని ఒకటే పరేషాన్ అయితున్నది. పాదాలు సుత ఉబ్బినయ్."

అవతల నుంచి డాక్టరు గారు అడిగారు. "కాళ్ళు వాచినయా సిస్టర్?"

"లేదండి."

"తలనొప్పి గిట్ల ఉన్నదా?"

"కొంచెమేనండి. నిద్ర లేక."

"అయితే ఇంటికి పంపుండ్రి. నొప్పులు షురూ అయినంక రమ్మనుండ్రి."

ఆ వాపూ తలనొప్పీ ఫిట్స్‌కు ముందు గుర్తులని తెలిసీ నేను చూడలేదు. ఎందుకు చూడలేదు? అలసిపోయాననుకుందామని చాలా ప్రయత్నించాను. అంత అలసటేం లేదు. అంతకుముందు నెలల్లో లాలాగూడలో మేం రజాకార్ల భయంతో తలుపులు బిగించుకుని బతికాం, ఇప్పుడు భయపడటం ముస్లింల వంతయింది, ఆ తల్లి నన్ను బతిమాలుతుంటే లోపల ఎక్కడో నాకు హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అనిపించింది. ఆ పిల్ల నాకేం చేసింది?

మర్నాడు జైనబ్‌కు ఫిట్స్ వస్తుంటే మళ్ళీ తెచ్చారు. బిడ్డ కడుపులో ఉండగానే జైనబ్ పోయింది. తల్లి నా మీద ఫిర్యాదు చేయలేదు. ఆ రోజుల్లో ఆమె మాట ఎవరు వింటారు?

తర్వాత కొత్త ప్రభుత్వం వాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళ ఆసుపత్రులను బాగుచేయాలని, కాన్పుల్లో చావులు ఎందుకవుతున్నాయో తెలుసుకోవాలని మమ్మల్నందరినీ అడిగారు. జైనబ్ సంగతి వచ్చింది. ఆమె చూడనివ్వలేదని, వాళ్ళు చెప్పిందే డాక్టరు గారికి చెప్పానని అన్నాను. అందరూ తలూపారు. నమ్మడానికి తేలికైన మాట కదా. పరదాలు తీసేయమన్నారు. లేడీ డాక్టరు లేకపోతే మగ డాక్టరే ఎదురుగా చూడాలన్నారు. వాళ్ళు మంచికే చేశారు. కానీ ఆ తర్వాత ఘోషావాళ్ళు రావడం మానేశారు. ఇళ్ళల్లోనే కన్నారు. ఎవరు బతికారో, ఎవరు పోయారో నాకు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు. నన్ను మాత్రం కొన్నాళ్ళకు హెడ్ నర్సును చేశారు.

పరదా తీయడం తప్పా అంటే నేను చెప్పలేను. ఎప్పటికైనా తీయాల్సిందేనేమో. కానీ నా అబద్ధం మీద తీశారు. నిజం చెప్పి ఉంటే, మరో లేడీ డాక్టరును వేయండని ఎవరైనా అనేవారేమో. ఇప్పుడనుకుని ఏం లాభం?

ఇంకొకటి ఉంది. దాన్ని రాయకుండా ముగిద్దామనే అనుకున్నాను. ఆమె చూడనివ్వకపోవడం కాదు. డాక్టరు గారు కాళ్ళ సంగతి అడగగానే జైనబ్ తనంతట తానే దుప్పటి తొలగించుకోబోయింది. నేనే ఆ చెయ్యి పక్కకు నెట్టి మళ్ళీ కప్పేశాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. చెప్పాలనుకున్నాను, చెప్పాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.