రెండు గోతాల ఇత్తడి, ఒక మేనమామ ఒడి

చెయ్యి ఎత్తింది నేనే. ఎవరూ నా మోచెయ్యి పట్టుకుని లేపలేదు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

విరుదునగర్ స్టేషన్లో రైలు దిగేసరికి ఉదయం ఐదూ పది. ఐప్పసి నెల, అంటే మా వైపు వానాకాలం. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, ఒక కిట్‌బ్యాగు. సైన్యం లారీలో యాభై నిమిషాలు. ఫైరింగు రేంజి వచ్చింది. నాలుగు రేకుల షెడ్లు, ఒక నీళ్ళ ట్యాంకు, మూడు వందల మీటర్ల నల్లరేగడి, దాని చివర గుళ్ళు దిగబడే మట్టికట్ట. దూరాన గాలిమరలు. వాటికున్న తీరిక మాకు లేదు.

అప్పటికి నాకు పదకొండేళ్ళ సర్వీసు. మంచు చూశాను, ఇసుక చూశాను. ఈసారి పోస్టింగు కాగితం మీద మా ఊరికి రెండు బస్సుల దూరంలో ఉన్న చోటు వచ్చింది. కోవిల్‌పట్టి దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఎట్టయాపురం దారిలో ఇంకొకటి. అయినా మా అమ్మ ఊరంతా "మావోడు బార్డర్లో ఉండాడు" అనే చెప్పుకుంది. అబద్ధమేమీ కాదు. రేంజి సరిగ్గా విరుదునగర్ జిల్లాకూ తూత్తుకుడి జిల్లాకూ బార్డర్లోనే ఉంది.

నా హోదా నాయక్. మా కులంలో మగవాళ్ళందరూ పుట్టుకతోనే నాయకర్లు. అంటే పదకొండేళ్ళు కష్టపడి, పుట్టినప్పుడు ఎక్కడున్నానో అక్కడికే చేరుకున్నానన్న మాట.

ఆరూ నలభైకి హాజరు. పద్నాలుగు మందిమి వరసలో నిలబడ్డాం. సుబేదారు సాబ్ గఢ్వాల్ కొండల మనిషి. పొట్టి, గట్టి, మాట తక్కువ. ఆయన బూట్ల పక్కన రెండు గోతాలు ఉన్నాయి. వాటిని కాలితో తట్టి హిందీలో అడిగాడు.

"ఇత్తడి పని ఎవరికి తెలుసు?"

పదమూడు మంది తమ బూట్లు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

ఎందుకంటారా? మా కులదైవం గుడికి పదకొండు ఇత్తడి గుండిగలున్నాయి. ఇంటి పండగలకు వాటిలోనే వండాలి, వంటయ్యాక మగవాళ్ళే తోమాలి. ఆడది తోమితే దేవుడికి కోపం వస్తుందట. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు కాని, చాలా తెలివైన ఆడమనిషై ఉంటుంది. ఏడో ఏటినుంచి నేను ఆ గుండిగలు తోమాను. కాబట్టి ఇత్తడి అన్న మాట వినగానే చెయ్యి దానంతటదే లేచింది.

"శభాష్. ఈ రెండూ నీవి," అన్నాడు సుబేదారు సాబ్.

గోతాల నిండా పేలిపోయిన తూటాల తొడుగులు. ఫౌజులో ఖోకా అంటారు. రేంజిలో రాలినవి ఏరి, కడిగి, మెరిపించి డిపోకు పంపాలి. అక్కడ గట్టిగా ఉన్నవాటిలో మళ్ళీ కొంచెం మందు కూరి సాధన తూటాలు చేస్తారు. వినడానికి చిన్న పనే. కాని మా నల్లరేగడి సంగతి మీకు తెలియకపోవచ్చు. వానలో అది జిగట. ఎండలో అది సిమెంటు. చిటికెనవేలంత తొడుగులో దూరి ఎండిందంటే సూదికి కూడా లొంగదు. నా పనిముట్లు: రెండు బకెట్లు, ఒక కట్ట చీపురుపుల్లలు, పాత తెలుగు పేపర్లు.

పేపర్లు స్టోరు హవల్దారువి. ఒంగోలు వైపు మనిషి. భారీ మీసం, అంతకంటే భారీ గొంతు. మొదటి రోజే నా మాట విని గోడకు ఆనుకుని నవ్వాడు.

"ఏంటయ్యా ఆ తెలుగు! ఉండాది ఏంటి? పోవాల ఏంటి? మా ముత్తాత కూడా అట్లా మాట్లాడి ఉండడు."

"మీ ముత్తాతను ఒక తూరి మా ఇంటికి పంపించుండాల్సింది ఉస్తాద్. సుకంగా మాట్లాడుకుంటా ఉండుంటారు."

నాకు అప్పటికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. బడి అంతా తమిళం. తొడుగులు ఆరబెట్టిన ఆ పేపర్ల మీదే, ఆయన్ని అడిగి అడిగి, అక్షరాలు నేర్చుకున్నాను. ఇవాళ ఇది రాస్తున్నానంటే సగం పుణ్యం ఆయనదే. ఆ సంగతి గుర్తుంచుకునే మిగతాది చెబుతున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఏరా తమ్ముడా, పాప చెవులు కుట్టేదానికి నాళు పెట్టేసినాము. ఈ ఆయితవారం కాదు, పై ఆయితవారం. నువ్వు వస్తాండావా లేదా?"

"లీవు అడగాలక్కా."

"అడిగేది ఏముండాదిరా? మేనమామ మడి లేకుండా చెవులు కుట్టేది యాడన్నా ఉండాదా? నువ్వు రాకుంటే పిల్లను ఎవురి మడిలో కూచోబెట్టేది, కుట్టే ఆసారి మడిలోనా?"

మడి అంటే మా మాటలో ఒడి, ఆసారి అంటే కంసాలి. మాకు మేనమామ ఒడి అంటే ఆట కాదు. నేను ఒక్కడినే మేనమామను. నా ఒడి రాకపోతే పండగ ఆగిపోతుంది, మా అక్క అత్తగారింట్లో తల ఎత్తుకోలేదు. దరఖాస్తు రాశాను. కారణం అన్న గడిలో ఉన్నదున్నట్టు రాశాను. సుబేదారు సాబ్ రెండుసార్లు చదివాడు.

"ఒడి కావాలా? నీ ఒడా?"

"అవును సాబ్."

"ఒడిని పార్సిల్ చెయ్యలేవా?"

"మనిషితో కలిపే ఉంటుంది సాబ్."

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే వారం శుక్రవారం పది గంటలకు డిపో మేజరు వస్తాడు. ఇత్తడి పాసైతే నీ ఒడీ పాసు."

తొమ్మిది రోజులున్నాయి. రెండు రోజులు, రోజుకు పన్నెండు గంటలు పొడిచినా మొదటి గోతంలో పావు వంతు కూడా పూర్తి కాలేదు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఆరిపోయి ఉంటే బాగుండేది.

గుండిగలకు మేం పాత చింతపండు, ఉప్పు పట్టిస్తాం. ఒక బీడీ కాల్చేంతసేపు ఆగి రుద్దేస్తాం. బంగారమే. తూటా లోపల రుద్దలేను, నానబెడితే సరిపోతుంది కదా? వంటవాడిని అడిగి నల్లగా ముదిరిన చింతపండు ముద్ద తెచ్చాను. సగం గోతం బకెట్లలో పోసి మిగతా సగం నీళ్ళ తొట్టిలో పోశాను. పులుసు పట్టించాను. గంటకే మెరుపు మొదలైంది. తీసేద్దామనుకుంటుండగా హవల్దారు వచ్చి తొంగిచూశాడు.

"అబ్బో! ఇంకొంచెం నాననియ్యి. ఇంకా మెరుస్తుంది."

"చాలదా ఉస్తాద్?"

"నాకు తెలియదా? ఇత్తడి సంగతి నాకు చెప్తావా?"

పై హోదా. పైగా తెలుగు గురువు. నాననిచ్చాను. మరుసటి రోజు వాన, రేంజి నీళ్ళు తోడే పని పడింది. ఆ తర్వాతి రోజు నన్ను చివరి కాపలా గుంజ దగ్గర నిలబెట్టారు, ఫైరింగు జరుగుతుంటే జనం అటు రాకుండా. సిగ్నల్ మనిషికీ నాకూ మధ్య వాకీటాకీలో జరిగిన యుద్ధ సంభాషణ పూర్తిగా ఇది.

"మూడో గుంజ, ఏం కదులుతోంది? ఓవర్."

"మేకలు. ఓవర్."

"ఎన్ని? ఓవర్."

"అన్నీ. ఓవర్."

మూడు రోజుల తర్వాత పులుసులోంచి తొడుగులు తీశాను. ఇత్తడి కాదు. గులాబీ రంగు. ఇత్తడిలోని యశదాన్ని పులుపు తినేసి, పైకి రాగిని తేల్చింది. పెళ్ళికూతురి బుగ్గల్లా ఉన్నాయి. అంతా చూడటానికి వచ్చారు. సుబేదారు సాబ్ ఒకటి తీసుకుని ఎండలో తిప్పి చూశాడు.

"వీటిలో మందు కూరితే తుపాకీలోనే చీలతాయి. ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని?"

నేను హవల్దారు వైపు చూశాను. హవల్దారు గాలిమరల వైపు చూశాడు.

"చింతపండు వీడిదే సాబ్," అన్నాడు మెల్లగా. "వాళ్ళ ఊరి పద్ధతి."

ఆ పూటనుంచి నా పేరు చింతపండు. గులాబీ గోతం మీద 'కరిగించడానికి మాత్రమే' అని రాశారు. లీవు కాగితం జేబులోంచి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"రెండో గోతం ఉంది," అన్నాడు సుబేదారు సాబ్. "అది కూడా ఎర్రబడితే ఆదివారం దాని మీదే కూర్చో. ఒడి ఇక్కడే పరుచుకో."

నాలుగు రోజులు మిగిలాయి. తొడుగుల్ని మంచినీళ్ళలో నానబెట్టి, బతికున్న తూటా కలిసిందేమోనని ఒక్కొక్కటీ చూసి, బురద పొడిచి తీశాను. మురికి వదిలింది. మెరుపు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కోవిల్‌పట్టిలో మా మామ తీప్పెట్టి ఆఫీసు. అగ్గిపెట్టెల కార్ఖానాను మా వైపు అలాగే అంటారు. అగ్గిపుల్లలు నునుపు చెయ్యడానికి పాతరోజుల్లో చెక్క పీపా వాడేవారు. పుల్లలు పోసి, చేత్తో తిప్పితే ఒకదానికొకటి రాసుకుని నునుపెక్కుతాయి. మిషన్లు వచ్చాక అది మూల పడి ఉంది. కూరగాయల లారీలో సుబేదారు సాబ్ అనుమతితో వెళ్ళాను.

"ఎందుకురా అల్లుడా ఈ పీపా?" అన్నాడు మామ.

"తూటా తొడుగులు తోమాల మామా."

మామ పీపాను వదిలి నా వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు నువ్వు సేనలో చేసేది గిన్నెలు తోమేదా? ఈ మాట మీ అత్తకు చెప్పొద్దురా. నన్నూ చేర్పించేస్తుంది."

పీపాలో తొడుగులతోపాటు గరగరలాడేది ఏదైనా పొయ్యాలి. కోవిల్‌పట్టిలో దానికి కొదవా? పక్క వీధిలోనే వేరుశనగ మిఠాయి చేసే చోటు. ఊడ్చి పారేసిన వేరుశనగ పొట్టు రెండు మూటలు ఊరికే ఇచ్చారు. అక్కడక్కడా బెల్లం పొడి అంటుకుని ఉంది. పట్టించుకోలేదు. బుద్ధి ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది.

పొట్టు దంచి, తొడుగులు కలిపి, మూత బిగించాం. విడతకు మూడు గంటలు. వంటవాడు ఒక గంట, సిగ్నల్ మనిషి ఒక గంట, మిగతాదంతా నేను. రేకుల షెడ్డులో వడగళ్ళు పడుతున్నట్టు మోత. హవల్దారు గుమ్మంలో నిలబడి మా అమ్మ పంపిన మిఠాయి తింటూ పీపాకు సలహాలిచ్చాడు. మూత తీస్తే, అయ్యా, ఇత్తడి! అచ్చమైన పసుపు. పండగ నాటి గుండిగలాంటి పసుపు.

శుక్రవారం పది గంటలకు డిపో మేజరు వచ్చాడు. గోతంలో చెయ్యి పెట్టి ఒక తొడుగు తీశాడు. వెలుతురులో పెట్టాడు. బాగుందన్నట్టు తల ఊపాడు. ఇంతలో తొడుగు లోపలినుంచి ఒక చీమ తల బయటపెట్టింది. చుట్టూ చూసింది. మేజరు వేలి మీదికి దిగింది. దాని వెనక ఇంకొకటి.



"ఇవి మీ దళానివేనా?" అన్నాడు మేజరు.

నోట్లోంచి జారిపోయింది. "కాదు సాబ్. సివిలియన్లు."

సుబేదారు సాబ్ కళ్ళు మూసుకున్నాడు. మేజరు మీసం కింద ఏదో కదిలింది. చీమను ఊది, తొడుగును గోతంలో పడేశాడు. "మరోసారి వేడినీళ్ళు పోసి, ఆరబెట్టి పంపండి. పాసు."

లీవు కాగితం జేబులోంచి బయటికి వచ్చింది. ఈసారి సంతకంతో.

ఆయితవారం భోజనం ఉంటుందని హవల్దారుకు ఎవరు చెప్పారో, శనివారమే బ్యాగు సర్దుకున్నాడు. "మీ ఊళ్ళో తెలుగు ఎట్లా ఏడుస్తుందో చూడాలి," అన్నాడు. పిలవకుండా ఉంటానా, గురువు. ఆయితవారం ఉదయం తొమ్మిదికి మా ఊళ్ళో పాపను ఒడిలో పెట్టుకున్నాను. ఆసారి సూది వెయ్యగానే అది నా కొత్త పంచె తడిపి, ఏడ్చి, బొటనవేలు కొరికి, పడుకుంది. అక్క తల ఎత్తుకుని తిరిగింది. హవల్దారు పెద్దలందరినీ కూర్చోబెట్టి రేంజిలో ఇత్తడి పని తాను ఎలా నడిపించాడో చెప్పాడు. పీపా కూడా ఆయన ఆలోచనేనట. మా అక్క మామగారు నోరు తెరిచి విన్నారు.

"అట్లనా సామీ! మీరు ఇత్తడిలో పెద్ద కై అన్నమాట!" కై అంటే చెయ్యి, పనితనం ఉన్న చెయ్యి.

భోజనాలయ్యాయి. గుడినుంచి తెచ్చిన పదకొండు గుండిగలు వాకిట్లో వరసగా బోర్లించారు. అడుగున వేలెడు మసి. మగవాళ్ళు ఒక్కొక్కరే ఆవులిస్తూ జారుకుంటున్నారు. ఆ రోజు మేనమామకు ఆ పని మినహాయింపు, ఒడిలో పిల్ల ఉంది కదా. నేను గొంతు సవరించుకున్నాను. పరేడులో సుబేదారు సాబ్ అడిగినట్టే, అదే వరసలో, వాకిలంతా వినిపించేలా అడిగాను.

"ఇత్తడి పని ఎవరికి తెలుసు?"

ముప్పై మంది ఒక్కసారిగా హవల్దారు వైపు తిరిగారు. మా అక్క మామగారు ఆశగా ముందుకు వంగారు. హవల్దారు నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, గుండిగల్ని చూశాడు.

తర్వాత రేంజికి తిరిగి వెళ్ళాను. ఇంకా రెండేళ్ళు చేసి, పెట్టె సర్దుకుని, రెండు బస్సులెక్కి ఇంటికి వచ్చేశాను. ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు, సేనలో మరిచిపోలేనిది ఏం చూశావని. మంచు చెప్పమంటారు, శత్రువును చెప్పమంటారు. నాకు కనబడేది ఒక్కటే. మధ్యాహ్నపు ఎండలో, మిఠాయి జిగురు ఇంకా వదలని వేళ్ళతో, మెల్లమెల్లగా పైకి లేచిన ఆ చెయ్యి.

ఆ సాయంత్రం హవల్దారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మోచేతుల దాకా చింతపండుతో ఏడో గుండిగ దగ్గరున్నాడు. అప్పటికే మసి వదిలింది. నేను పాపను భుజం మీద వేసుకుని పక్కన నిలబడ్డాను.

"ఇంకొంచెం నాననియ్యండి ఉస్తాద్," అన్నాను. "ఇంకా మెరుస్తాది."